స్టార్ దించిన తర్వాత



మనం ఎవరిని తలచుకోవడానికి ఈ జనవరి సాయంత్రం కూడామో, ఆ బిషప్ అజరయ్యగారి జీవితంలోని నాలుగు తేదీలు ముందు చెబుతాను. ఈ దేశపు క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త పని చేసుకోవాలని నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నది 1905 డిసెంబరు 25న, శ్రీరాంపూర్‌లో. పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన బిషప్‌గా అభిషేకం పొందింది 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. డోర్నకల్ కెథడ్రల్‌ను ప్రతిష్ఠించింది 1939 జనవరి 6న. ఆయన కన్నుమూసింది 1945 జనవరి 1న. మొదటిది తప్ప మిగతా మూడూ క్రిస్మస్ వెళ్లిపోయాక వచ్చిన రోజులే. తేదీల్లో దైవ రహస్యాలు వెతికేవాళ్లకు నేను కాస్త దూరంగానే ఉంటాను కాబట్టి దీనికి పెద్ద అర్థం తీయను. ఆ జనవరి 6 మాత్రం ఊరికే పడింది కాదు. అది ఎపిఫనీ, ప్రత్యక్షత పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు వచ్చి శిశువును చూసిన సంగతిని సంఘం తలచుకునే రోజు. కెథడ్రల్ పేరే ఎపిఫనీ కెథడ్రల్.

మెదక్ సంగతి చూడండి. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కట్టించిన ఆ కెథడ్రల్‌ను ప్రతిష్ఠించింది 1924 డిసెంబరు 25న. ఇప్పటికీ క్రిస్మస్ అనగానే తెలంగాణలో జనం మెదక్ బస్సు ఎక్కుతారు. డోర్నకల్ మాత్రం, వచ్చినవాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోయాక వచ్చే పండుగ పేరు పెట్టుకుంది. పండుగ రోజుకు ఒక పెద్ద చర్చి, పండుగ అయిపోయిన రోజులకు ఇంకో పెద్ద చర్చి మనకున్నాయన్నమాట. నేను మాట్లాడబోయేది ఆ రెండో రకం రోజుల గురించి.

మన సంఘాల్లో డిసెంబరు ఎలా గడుస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు. ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, ఎమ్మెల్యేగారిది ఒకటి. పండుగ రాకముందే సగం పండుగ చేసుకునే ఓపిక తెలుగువాళ్లకే ఉందేమోనని నా అనుమానం. తర్వాత క్యారల్స్ రౌండ్లు, అర్ధరాత్రి దాటాక ఎవరింట్లోనో టీ, కేకు ముక్క. పండుగనాడు కొత్త బట్టలు, మధ్యాహ్నం బిర్యానీ. ముప్పై ఒకటి రాత్రి వాచ్‌నైట్, చేతికి కొత్త ఏడాది వాగ్దానం కార్డు. ఆ తర్వాత జనవరి రెండో ఆదివారం వస్తుంది. సంక్రాంతికి ఊళ్లకు పోయేవాళ్లు పోతారు. చర్చిలో ముందు వరసలు ఖాళీ. ఇంటి ముందు వేలాడిన స్టార్‌ను ఎవరో ఒకరు దించి, బల్బు ఊడదీసి, మడిచి అటక మీద పెడతారు.

సరిగ్గా అప్పుడే ఒక ఫిర్యాదు మొదలవుతుంది. “డిసెంబరంతా దేవుడు పక్కనే ఉన్నట్టుండేది. ఇప్పుడేమీ తెలియడం లేదయ్యగారూ” అంటారు. ఈ మాట వినని పాదిరిగారు ఉండరనుకుంటాను. దీనికి మామూలుగా దొరికే జవాబు ఏమిటి? ప్రార్థన పెంచమ్మా, వాక్యం ఎక్కువ చదువు, ఉపవాసం ఉండు. తప్పు జవాబని అనను. అయితే అది ఆ మనిషిని ఇంట్లో ఒంటరిగా ఇంకో డిసెంబరు తయారుచేసుకోమంటోంది. నా మనసులో ఉన్న మాట వేరు. దేవుని సన్నిధి మొదట చేతులకు అలవాటవుతుంది. రోజూ ఒకే వేళకు ఒకే పని చేసే చేతులకు. మనసుకు ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. కొందరికి మరీ ఆలస్యంగా తెలుస్తుంది. తెలియకుండానే బతుకంతా గడిపిన మహానుభావులూ ఉన్నారు.

లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు తీసి, ఎవరు ఎక్కడ ఉండగా కబురు అందిందో చూడండి. జెకర్యా యాజకుడు, అబీయా తరగతివాడు. అప్పుడు వాళ్ల తరగతి వంతు నడుస్తోంది. ధూపం వేయడానికి చీట్లు వేస్తే అతని పేరు వచ్చింది. మన భాషలో చెప్పాలంటే డ్యూటీ చార్టు ప్రకారం లోపలికి వెళ్లాడు. దూత కనబడింది అక్కడ. కాపరులు రాత్రిపూట మంద కాపలాలో ఉన్నారని లూకా పని గట్టుకుని రాశాడు. ఆ రాత్రి వాళ్లు ఏ చుట్టాలింటికో పోయి ఉంటే దూతల పాట ఖాళీ పొలమే వినేది. మత్తయి చెప్పిన జ్ఞానుల సంగతీ అంతే. ఆకాశం చూడటమే వాళ్ల వృత్తి. ప్రతి రాత్రీ చూసేవాళ్లు కాబట్టి కొత్తది ఒకటి కనబడితే పట్టుకోగలిగారు. మరియ ఏ పనిలో ఉండగా దూత వచ్చాడో లూకా చెప్పలేదు. ఐరోపా చిత్రకారులు ఆమె ముందు పుస్తకం పెట్టారు. తూర్పు సంఘాల బొమ్మల్లో మాత్రం ఆమె చేతిలో కదురు ఉంటుంది, దారం వడుకుతూ ఉంటుంది. నాకు ఆ బొమ్మలే నచ్చుతాయి.

వీళ్లందరిలో నాకు బాగా దగ్గరగా అనిపించే మనిషి అన్న. పనూయేలు కూతురు, ఆషేరు గోత్రం. మొగుడితో ఏడేళ్లే కాపురం. ఆ తర్వాత వైధవ్యం. లూకా 84 ఏళ్లని అంకె కూడా వేశాడు. దేవాలయం విడిచిపోకుండా రాత్రీ పగలూ ఉపవాసాలతో, ప్రార్థనలతో గడిపేది. ఒక రోజు మరియ ఆ దేవాలయానికి వచ్చింది. నలభై రోజుల బాలింతరాలు, పక్కన ఆమె భర్త, చేతుల్లో బిడ్డ యేసు. అర్పణకు వాళ్లు తెచ్చింది రెండు పక్షులు. ధర్మశాస్త్రం ప్రకారం గొర్రెపిల్లను తేవాలి, అంత స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చు. అంటే చూడగానే పేదవాళ్లని తెలిసిపోయే జంట. అలాంటి జంటలు ఆ ప్రాంగణంలోకి రోజూ ఎన్ని వచ్చేవో. యాజకుల్లో ఎవరైనా తలెత్తి చూసినట్టు లూకా రాయలేదు. గుర్తుపట్టింది ఇద్దరు, ఒకరు సుమెయోను, ఒకరు అన్న. సుమెయోనును ఆత్మ నడిపించి తీసుకొచ్చిందని ఉంది. అన్న విషయంలో ఆ మాట కూడా లేదు. ఆ గడియకే వచ్చింది, అంతే. రోజూ వచ్చే మనిషి కాబట్టి ఆ రోజూ వచ్చింది. ఆ పూట ఆమెకు మనసు ఎలా ఉందో, కీళ్ల నొప్పులున్నాయో లేవో మనకు తెలియదు. తెలియాల్సిన అవసరం ఉన్నట్టు లూకాకు తోచలేదు.

అంతటి మహాసంఘటన తర్వాత ఏం జరిగింది? కాపరులు దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారు. ఎక్కడికి వెళ్లారు? మర్నాడు మందను మేపాలి కదా. జ్ఞానులు వేరే దారిన తమ దేశం పోయారు. పసివాడు పెరిగాడు. పన్నెండో ఏట దేవాలయంలో తప్పిపోయిన ఒక్క సందర్భం తప్ప దాదాపు 30 ఏళ్ల దాకా సువార్తల్లో ఏమీ లేదు. యేసు ఈ భూమ్మీద గడిపిన కాలంలో పదింట తొమ్మిది వంతులు నజరేతులోనే, వడ్రంగి పనిలో గడిచిపోయాయి. నజరేతువాళ్లు ఆయన చేసిన తలుపులు వేసుకుని పడుకుని ఉంటారు, ఆయన చెక్కిన కాడితో దున్ని ఉంటారు. వాళ్లకేమీ తెలియలేదు. ఎవరికీ తెలియనంత మాత్రాన ఆయన అక్కడ లేకుండా పోయాడా?

పాత సంఘాల కేలండర్ వేసినవాళ్లు ఈ విషయంలో మనకంటే గట్టివాళ్లు. డిసెంబరు 26న స్తెఫను హతసాక్షి దినం, రాళ్లతో కొట్టి చంపిన కథ. 28న హేరోదు చంపించిన బేత్లెహేము పసిబిడ్డల దినం. మన సంఘాలు చాలావరకు ఈ రెంటినీ దాటేసి నేరుగా వాచ్‌నైట్‌కు పోతున్నాయి. పండుగ వారంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి చర్చికి వస్తే ఆమెకు చదివి వినిపించడానికి కేలండర్లో ఒక రోజు సిద్ధంగా ఉంది. దాన్ని మనమే మూసిపెట్టాం.

పండుగ మర్నాటి నీరసం గురించి బైబిల్లో ఒక అధ్యాయమే ఉంది. రాజుల మొదటి గ్రంథం, పంతొమ్మిదో అధ్యాయం. దాని ముందు అధ్యాయంలో కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది, జనమంతా సాగిలపడ్డారు, ఏలీయాకు అంతకంటే గొప్ప రోజు లేదు. ఇంకా ఆ వేడి చల్లారకముందే యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపు కబురుకు ఆయన అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునన్నాడు. నిన్నటి అగ్ని ఏమైందని దేవుడు అడగలేదు. విశ్వాసం లేదని తిట్టలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. జనవరిలో అలసిపోయి వచ్చిన విశ్వాసికి మనం ఉపవాస ప్రార్థన తేదీ చెబుతాం. దేవుడు ఏలీయాకు ముందు అన్నం పెట్టి నిద్రపుచ్చాడు.

ఆ తర్వాత హోరేబు కొండ. పెనుగాలి వచ్చింది, అందులో దేవుడు లేడు. భూకంపం వచ్చింది, అందులో లేడు. నిప్పు వచ్చింది, అందులోనూ లేడు. చివరికి ఒక నిమ్మళమైన స్వరం. మన ప్రసంగాలు ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం గురించి ఎంతైనా చెప్పొచ్చు, వినేవాళ్లకూ హాయిగా ఉంటుంది. కానీ ఆ స్వరం ఏమన్నదో ఒకసారి చదవండి. ఇక్కడేం చేస్తున్నావని నిలదీసింది. ఏలీయా తన గోడు రెండోసారి కూడా అదే మాటల్లో వెళ్లబోసుకున్నాడు. ఓదార్పు ఏమీ దొరకలేదు, పని దొరికింది. వచ్చిన దారినే వెనక్కి పో, హజాయేలుకు అభిషేకం చెయ్యి, యెహూకు చెయ్యి, ఎలీషాకు చెయ్యి. ఆయన పోయి చూస్తే ఎలీషా పన్నెండు అరకలు సాగుతున్న పొలంలో దున్నుతున్నాడు. అక్కడా దొరికింది పనిలో ఉన్న మనిషే.

ఇప్పుడు అజరయ్యగారి దగ్గరికి వస్తాను. ఆయన అప్పటి తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలైలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆయన చేతికి వచ్చిన సంఘం చాలావరకు మాల మాదిగ పల్లెలు. కూలి చేసుకునేవాళ్లు, అక్షరం రానివాళ్లు. ఆదివారం చర్చికి రమ్మంటే వాళ్లకు ఆదివారం తమ చేతిలో లేదు. కోతల రోజుల్లో ఆసామి పిలిస్తే పోవాల్సిందే. అందుకే ఆ పల్లెల్లో ఆరాధన రాత్రికి మారింది. పొద్దుగూకి, ఇంత తిని, పిల్లలు నిద్రకు పడే వేళకు పల్లె టీచరు లాంతరు వెలిగిస్తాడు. పగలు బడిగా నడిచిన పాకే రాత్రికి చర్చి. పుస్తకం పట్టుకోవడం రాదు కాబట్టి ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అన్నీ కంఠతా పట్టారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలూ అలాగే నోటికి వచ్చాయి. నాట్లేసి నడుములు విరిగిన ఆడవాళ్లు ఎంతమంది ఆ గోడకు ఆనుకుని కునుకు తీసి ఉంటారో. సగం నిద్రలో పెదాలు వాటంతట అవే కదిలి ప్రార్థన పూర్తి చేసి ఉంటాయి. మనం దాన్ని యాంత్రికం అంటాం, పెదాల భక్తి అంటాం. నాకు అలా అనడానికి నోరు రాదు. మనసు పడుకున్న వేళ పెదాలు దాని తరఫున మేలుకుని ఉన్నాయి.

బిషప్‌గారు పల్లెల్లో తిరుగుతూ నాలుగు దయ్యాలను వెళ్లగొట్టమనేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. వాడలోకి దేవుడు వచ్చాడా లేదా అన్నదానికి ఆయన చూసే ఆనవాళ్లు ఇవి. దర్శనాలు కలిగాయా అని కాదు, వాకిలి ఊడ్చారా, షావుకారు దగ్గర కొత్తగా అప్పు రాశారా అని. ఆత్మీయత కావలసినవాళ్లకు ఈ ప్రశ్నలు కొంచెం చప్పగా ఉంటాయి. అప్పులో కూరుకుపోయిన ఇంటి ఇల్లాలిని అడగండి, చప్పగా ఉన్నాయో లేదో చెబుతుంది.

మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉంది. కొన్ని చోట్ల ఇంకా ఉంది, చాలా చోట్ల ఉండేది అనాలి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి వస్తుంది. మిజోరంలో బుహ్‌ఫై థామ్ అని ఇదే పద్ధతి. అక్కడి సంఘాలు దానిమీద ఎంతో పని నడుపుకున్నాయి, నేటికీ నడుపుకుంటున్నాయి. ఆ పిడికిలి గురించి ఆలోచించండి. తలనొప్పిగా ఉన్నా బియ్యం కొలవాలి. మొగుడితో పోట్లాడి ఏడుస్తున్నా కొలవాలి. కొలిస్తే పిడికెడు తీయాలి. పొయ్యి వెలిగించిన ప్రతి పూటా తీయాలి. ఇంట్లో ఉన్నదే నాలుగు గిద్దెలైతే ఆ పిడికెడు పిల్లల కంచంలోంచి వస్తున్నట్టే, అది ఆమెకు తెలుసు. తెలిసీ తీస్తుంది. ఏ భావోద్వేగమూ అక్కర్లేని ప్రార్థన అది. ఇప్పుడు కవర్లు వచ్చాయి, గోడమీద క్యూఆర్ కోడ్ వచ్చింది. సంఘం లెక్కలకు అదే మేలు, కోశాధికారికి బియ్యం పురుగు పట్టే బాధ తప్పింది. కాకపోతే నెలకోసారి ఫోన్లో పంపిన డబ్బు ఏ చేతికీ అలవాటు కాదు.

కోత పండుగ మీలో చాలామంది చూసే ఉంటారు. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఒక్కోసారి మేకపోతు, అన్నీ బలిపీఠం దాకా వస్తాయి. ఆరాధన అయ్యాక బయట వేలంపాట. సంతలో ఎవరూ పట్టించుకోని సొరకాయకు చర్చి ముందు పోటీ లేస్తుంది. కట్టేసిన పుంజు ప్రసంగం మధ్యలో కూస్తుంది. క్రిస్మస్ నాటకంలో దూతల రెక్కలకంటే నాకు ఇది ఎక్కువ నిజం అనిపిస్తుంది, అతిశయోక్తి అనుకుంటే క్షమించండి.

రోజువారీ పనిలో దేవుని సన్నిధి అనగానే క్రైస్తవ లోకంలో అందరికీ గుర్తొచ్చే పేరు బ్రదర్ లారెన్స్. అసలు పేరు నికొలస్ హెర్మన్, లొరేన్ ప్రాంతపువాడు. ముప్పై ఏళ్ల యుద్ధంలో సిపాయి, గాయపడి కుంటివాడయ్యాడు. పారిస్‌లో కార్మెలైట్ మఠంలో చేరితే వంటింట్లో పెట్టారు. వంట పనంటే ఆయనకు సహజంగానే అయిష్టం. 1691లో పోయాక ఆయన మాటలూ ఉత్తరాలూ చిన్న పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా తిరిగాయి. గిన్నెలు తోముతూ దేవుణ్ణి చూశాడని అందరూ ముచ్చటగా చెబుతారు. అలా చెప్పేవాళ్లు రెండు సంగతులు దాటేస్తారు. మఠానికి ద్రాక్షసారా కొనడానికి ఆయన్ను బర్గండీకి పంపారు. వ్యాపారం తెలియదు, కాలు సరిగా లేదు, పడవలో పీపాల మీద దొర్లుకుంటూ తప్ప కదల్లేడు. అయినా పోయి పని పూర్తి చేసుకొచ్చాడు. రెండోది, మొదటి పదేళ్లు తాను చాలా బాధపడ్డానని ఆయనే రాసుకున్నాడు. పదేళ్లు! మనం జనవరి రెండో ఆదివారానికే దేవుడు కనబడటం లేదంటున్నాం.

మదర్ తెరెసా సంగతి ఇంకా కఠినం. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో పిలుపు విన్నారు. ఆ పిలుపును పట్టుకుని కలకత్తా వీధుల్లోకి దిగారు. ఆ తర్వాత దాదాపు బతుకంతా దేవుడున్నాడన్న అనుభూతి ఆమెకు లేకపోయింది. 1997లో ఆమె పోయిన పదేళ్లకు ఉత్తరాలు పుస్తకంగా వస్తే లోకం ఉలిక్కిపడింది. కొందరు ఆమెకు విశ్వాసమే లేదన్నారు. ఆమె రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థనకు మోకరించారు, తర్వాత లేచి పురుగులు పట్టిన గాయాలు కడిగారు. లోపల చీకటి, బయట పని. ఆ గాయాలు కడిగించుకున్నవాళ్లకు మాత్రం సన్నిధి లోటు అయినట్టు కనబడదు. ఒకరికి తెలియకుండా వాళ్ల చేతుల మీదుగా ఇంకొకరికి అందే సన్నిధి ఒకటుందని ఆమె జీవితం చూస్తే నాకనిపిస్తుంది. ఇది వేదాంత కళాశాలలో ఒప్పుకుంటారో లేదో.

ఇంతవరకూ పని పని అంటూ వచ్చాను. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పనిలోనే దేవుడున్నాడు, కాబట్టి నోరుమూసుకుని పని చేసుకోండి అని చెప్పడానికి పెద్దమనుషులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. అలా నోరు మూసుకోని కవి జాషువాగారు 1941లో గబ్బిలం కావ్యం రాశారు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. ఆ గబ్బిలం గర్భగుడిలో తలకిందులుగా వేలాడవచ్చు, ఆ మనిషి గడప తొక్కకూడదు. అదే జాషువాగారు క్రీస్తు చరిత్ర కూడా రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ రెండు పుస్తకాలూ ఒకే చెయ్యి రాసిందని మర్చిపోకూడదు. దేవుడు నీ దగ్గరికి రాడని తరతరాలుగా చెప్పిన వాడల్లోకి, పశువుల తొట్టిలో పడుకున్నవాడి కథ వచ్చింది. అది అక్కడ ఎంత గట్టిగా నాటుకుందో పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులకు పూర్తిగా అర్థమవుతుందని నేననుకోను. అలాగని చర్చిలో కులం లేదనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. సమాధుల స్థలంలో వేర్వేరు వరసలున్న ఊళ్లున్నాయి. చేలు కోసినవాళ్ల కూలి బిగబడితే ఆ కూలి దేవుని చెవి దాకా కేక వేస్తుందని యాకోబు పత్రికలో ఉంది. కూలికి వెళ్లే చేతుల్లో సన్నిధి ఉందనేవాడు ఆ చేతుల్లో సాయంత్రం ఎంత పెట్టారో కూడా అడగాలి.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో అజరయ్యగారు మాట్లాడారు. అప్పటికాయన వయసు 35. ముందు కూర్చున్నది దాదాపు అందరూ దొరలే. మీరు మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలిచ్చారు, అందుకు కృతజ్ఞులం, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులు కావాలి అన్న అర్థంలో చెప్పారు. చాలామందికి రుచించలేదు. నాకు ఆ ప్రసంగం ప్రతి డిసెంబరులో గుర్తొస్తుంది. సంఘాలు దుప్పట్లు పంచుతాయి, చీరలు పంచుతాయి, ఫోటోలు తీస్తాయి. జనవరిలో ఆ దుప్పటి కప్పుకున్న ముసలాయన గుడిసెకు పోయి కూర్చునేవాళ్లు ఎంతమంది? కబుర్లాడి, ఇస్తే ఇంత టీ తాగి వచ్చేవాళ్లు? ఇమ్మానుయేలు అని బ్యానరు కట్టిన సంఘం ఆ పని చేయకపోతే, ఆ ముసలాయనకు దేవుడు తోడున్నాడని ఎవరు చెప్పాలి?

పట్నాల్లో ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు, అది నాకు తెలుసు. పొయ్యి లేదు, పొలం లేదు, పక్కింటివాళ్ల పేరు తెలియదు. పొద్దున లేవగానే ఫోన్లో పది గ్రూపుల నుంచి పది వాగ్దానాలు, సూర్యోదయం బొమ్మ మీద. చదవకుండానే ఇంకో పదిమందికి పంపిస్తాం. ఒకే వాక్యం నెలంతా పట్టుకున్న పాతకాలపు అమ్మమ్మల ముందు ఇది తీసికట్టే. అయితే పట్నంలోనూ కాపరులున్నారు. రాత్రి డ్యూటీ నర్సుల్లో మన అమ్మాయిలు ఎంతమందో మీకు తెలుసు, హైదరాబాదులోనూ, గల్ఫ్‌లోనూ. క్రిస్మస్ రాత్రి కూడా వార్డులోనే గడిపేవాళ్లు. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి, సెలైన్ చూడాలి, చార్టు రాయాలి. ప్రతి మంచం దగ్గర ఆగినప్పుడు ఆ మనిషి పేరు మనసులో ఒక్కసారి దేవుడి ముందు పెట్టడానికి అదనంగా నిమిషం కూడా పట్టదు. ఏమైనా అనిపిస్తుందా అంటే, నిద్ర వస్తోంది అనిపిస్తుంది. ఫర్వాలేదు. ఆ పేరు పలకడం మానకపోతే చాలు.

ఇక ఈ ఏడాదికి నాదొక చిన్న మనవి. పాదిరిగార్లు, సంఘ పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. యేసును దేవాలయంలో సమర్పించిన రోజుగా పాత కేలండర్లో ఫిబ్రవరి 2 ఉంది. క్రిస్మస్‌కు సరిగ్గా నలభయ్యో రోజు. మన దగ్గర అది ఏ హడావుడీ లేకుండా పోతుంది. ఈ చుట్టుపక్కల అప్పటికి మిర్చి ఏరడం జోరుగా సాగుతుంటుంది. ఆడవాళ్లు పొద్దున్నే ఆటోల్లో ఇరుక్కుని పోయి, పొద్దుగూకాక మండే చేతులతో తిరిగొస్తారు. ఆ రోజు ఆరాధన వాళ్లకు వీలైన వేళకు, రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో పెట్టండి. లైట్లు, మైకు, స్టేజీ అక్కర్లేదు. సంఘంలో అన్న వయసుకు దగ్గరపడిన విధవరాళ్లు ప్రతి చోటా ఉంటారు, ఏళ్ల తరబడి ఒక్క ఆరాధనా తప్పనివాళ్లు. వాక్యం ఎవరైనా చదివి వినిపించవచ్చు, ప్రార్థన మాత్రం వాళ్లలో ఒకరు చేయాలి. కీర్తన ఏదో వాళ్లే ఎంచుకుని వాళ్లే ఎత్తుకోవాలి, శ్రుతి ఎక్కడ మొదలైతే అక్కడి నుంచే మిగతావాళ్లు అందుకోవాలి. ప్రసంగం అవసరం లేదు. పాదిరిగారు ఆ పూటకు వెనక చాప మీద కూర్చుంటే సరిపోతుంది. ఎవరైనా కునుకు తీస్తే లేపకండి.